బోరు నీళ్ళ గీజర్‌లో బొరుగులు వేగినట్టు శబ్దం వస్తే ఏం చెయ్యాలి

అక్కా, మీరు రాసింది మొత్తం చదివా. ఎం.ఆర్.పల్లిలో అపార్ట్‌మెంట్, నాలుగేళ్ళ కింద బిగించిన 25 లీటర్ల గీజర్, నీళ్ళన్నీ బోరువే, ధనుర్మాసం కదా అని మీ అత్తగారు తెల్లారుజామున 4 గంటలకే స్నానానికి లేస్తే స్విచ్ వేసిన పది నిమిషాలకు లోపల బొరుగులు వేయించినట్టు చిటపటలు, ఇంకాస్సేపటికి ఎవరో లోపల్నుంచి తడుతున్నట్టు డబ్ డబ్ మని శబ్దం, ఆమె పేలిపోతుందేమో అని భయపడి మళ్ళీ పొయ్యి మీద నీళ్ళు కాచుకుంటా ఉన్నారు. వచ్చిన మెకానిక్ ఒకాయన ట్యాంకు పోయింది కొత్తది కొనేయండి అన్నాడు, ఇంకొకాయన యాసిడ్ పోసి గంటలో కడిగేస్తా అన్నాడు. ఎవరి మాట వినాలి అని అడిగారు.

ఇద్దరి మాటా వినొద్దు. మీరు చెప్పిన శబ్దాన్ని బట్టి ట్యాంకుకు ఏమీ అయినట్టు లేదు, లోపల ఎలిమెంట్ చుట్టూ సున్నం గార కట్టింది, అంతే. తిరుపతిలో 19 ఏళ్ళుగా గీజర్ల పని చేస్తా ఉన్నా, డిసెంబర్ జనవరి వచ్చిందంటే నాకొచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఈ శబ్దం గురించే. క్లీన్ చేస్తే పోతుంది. కాకపోతే క్లీనింగ్ కంటే ముందు, వీలైతే ఈరోజే, ఇంకొకటి చూడాలి. శబ్దం వల్ల గీజర్ పేలదు గానీ అదే గార పోయి సేఫ్టీ వాల్వ్‌లో ఇరుక్కుంటే మాత్రం మీ అత్తగారి భయం నిజం కావచ్చు. అందుకని వాల్వ్ సంగతి ముందు చెప్తా, శబ్దం సంగతి తర్వాత.

గీజర్ కింద రెండు పైపులు ఉంటాయి కదా, నీలం రింగు ఉన్నది చల్లనీళ్ళు లోపలికి పోయేది, ఎర్ర రింగు ఉన్నది వేడినీళ్ళు బయటికొచ్చేది. నీలం వైపు పైపు బిగించే చోట చిన్న ఇత్తడి వాల్వ్ ఉంటుంది, పక్కన ఒక చిన్న లివర్ ఉండి, నీళ్ళు కారడానికి ఒక సన్న రంధ్రం ఉంటుంది. నీళ్ళు వేడెక్కితే ఉబ్బుతాయి, 25 లీటర్లు 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు పోయేసరికి మూడు వందల మిల్లీలీటర్ల పైనే పెరుగుతాయి, ఈ వాల్వ్ నీళ్ళను వెనక్కి పోనియ్యదు కాబట్టి ఆ పెరిగిన నీళ్ళు ఆ రంధ్రం గుండానే బొట్లు బొట్లుగా బయటికి రావాలి. గీజర్ ఆన్‌లో ఉన్నప్పుడు అక్కడ నాలుగు చుక్కలు కారితే అది రిపేరు కాదు, పని చేస్తున్నట్టు లెక్క. గీజర్ ఆపేసి, నీళ్ళు చల్లారినాక, ఆ లివర్ మెల్లగా ఎత్తి చూడండి. నీళ్ళు చిమ్మి, వదలగానే ఆగిపోతే వాల్వ్ బాగున్నట్టు. లివర్ కదలకపోయినా, కదిలినా నీళ్ళు రాకపోయినా లోపల గార పట్టేసింది, ఇంక ఆ గీజర్ స్విచ్ వెయ్యొద్దు, వాల్వ్ మార్చినాకే వాడండి. చిన్న పార్ట్, గీజర్ ధరలో అది ఏ మూలకూ రాదు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నా అంటే కొన్నేళ్ళ కింద కొర్లగుంటలో ఒక ఇంటికి పోయా, వాళ్ళ కంప్లయింటు వేరే ఏదో, పైకి చూస్తే ఆ వాల్వ్ రంధ్రంలో ఎంసీల్ ముద్ద కుక్కి ఉంది. ఏందన్నా ఇది అంటే బాత్రూం గోడ పాడవుతా ఉంది, ఎప్పుడూ చుక్కలు కారుతా ఉన్నాయి, అందుకే మూసేశా అన్నాడు ఆయన. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. నీళ్ళు కాగినాక కరెంటు ఆపే థర్మోస్టాట్ ఒక్కటి మొరాయించిందంటే ఆ ట్యాంకులో ఒత్తిడి పోవడానికి ఇంక దారే లేదు. నేను వేరే పని ముట్టకుండా ముందు ఆ వాల్వ్ పీకి కొత్తది వేసి, రంధ్రం నుంచి సన్న ట్యూబు ఒకటి ఫ్లోర్ ట్రాప్ దాకా దించి వచ్చా. గోడ తడవకూడదు అంటే చెయ్యాల్సింది అట్ల, మూసెయ్యడం కాదు.

సరే, వాల్వ్ బాగుంది అనుకుందాం. ఇప్పుడు ఆ చిటపటలు ఎందుకొస్తాయో చెప్తా, అది తెలిస్తే మెకానిక్ ఏం చెప్పినా మీరే బేరీజు వేసుకోవచ్చు.

మన తిరుపతి, చిత్తూరు పక్కల నేల కింద ఉన్నది ఎక్కువ భాగం గ్రానైట్ జాతి రాయి. బోరు నీళ్ళు ఆ రాళ్ళ పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలబడి కాల్షియం, మెగ్నీషియం కరిగించుకుని పైకొస్తాయి, వానలు తగ్గి బోరు లోతుకు పోయేకొద్దీ చాలా చోట్ల నీళ్ళు ఇంకా ఉప్పగా తగుల్తాయి. ఈ నీళ్ళతో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, స్టీలు గిన్నెలో రెండు సార్లు కాస్తే అడుగున తెల్లగా మచ్చలు, ఇవన్నీ మీకు తెలిసినవే. నీళ్ళలో కాల్షియం బైకార్బొనేట్ రూపంలో కరిగి ఉంటుంది, చల్లగా ఉన్నంతసేపు అది మన కంటికి కనపడదు. వేడి తగిలితే అది విడిపోయి కార్బన్ డయాక్సైడ్ పైకి పోతుంది, కరగని కాల్షియం కార్బొనేట్ మిగుల్తుంది, అదే సున్నపురాయి జాతి. చక్కెర వేడినీళ్ళలో ఎక్కువ కరుగుతుంది కదా, ఇది దానికి తలకిందులు, వేడి పెరిగేకొద్దీ తక్కువ కరుగుతుంది. గీజర్ మొత్తంలో అన్నిటికంటే వేడిగా ఉండేది ఎలిమెంట్ పైభాగం కాబట్టి గార ముందు పోయి దానికే అతుక్కుంటుంది.

ఎంత పడుతుందో ఒక లెక్క వేసుకోండి. మీ బోరు నీళ్ళ హార్డ్‌నెస్, అంటే గార కట్టే లవణాల లెక్క, లీటరుకు 500 మిల్లీగ్రాములు అనుకుందాం, మన పక్కల అది పెద్ద వింత కాదు. రోజుకు 100 లీటర్లు గీజర్ గుండా పోతే ఏడాదికి 36,500 లీటర్లు, అంటే 18 కిలోల పైన సున్నం సరుకు గీజర్‌లోకి వచ్చి పోతుంది. అందులో వందకు ఐదు పాళ్ళు లోపల ఆగినా ముప్పావు కిలో దాటుతుంది, ఏడాదికి. మీది నాలుగేళ్ళు, ఒక్కసారి కూడా విప్పలేదు అన్నారు.

శబ్దం ఎట్ల పుడుతుందంటే, ఈ గార గట్టి రాయిలా ఒకే ముద్దగా ఉండదు, లోపల సన్న సన్న రంధ్రాలు, పగుళ్ళు ఉంటాయి. రాగి పంపే వేడిలో ఇది వందో వంతు కూడా పంపదు. ఎలిమెంట్‌కూ గారకూ మధ్య ఇరుక్కున్న కొంచెం నీళ్ళు బయటి నీళ్ళతో కలవలేక అక్కడికక్కడే మరిగి ఆవిరైపోతాయి, బయట చూస్తే ట్యాంకులో నీళ్ళు ఇంకా గోరువెచ్చగానే ఉంటాయి. నీళ్ళు ఆవిరైతే వెయ్యి రెట్ల పైన ఉబ్బుతాయి కదా, ఆ ఆవిరి బుడగ గార సందులోంచి తోసుకుని బయటికొచ్చి చల్లనీళ్ళు తగలగానే టక్కున కుదించుకుపోతుంది, చుట్టూ ఉన్న నీళ్ళు ఆ ఖాళీలోకి వచ్చి ఢీకొంటాయి. అదే మీరు వినే డబ్ డబ్. చిన్న బుడగలైతే చిటపట, గార మందం పెరిగితే తట్టినట్టు, అడుగున రాలిన గార కుప్ప మీద నీళ్ళు కుతకుతలాడితే రైలు దూరం నుంచి వస్తున్నట్టు గుర్ర్ మని. ట్యాంకు ఇనుపది కాబట్టి చిన్న శబ్దాన్ని కూడా పెద్దది చేసి చూపిస్తుంది, దానికి తోడు తెల్లారుజామున ఊరంతా నిశ్శబ్దం. చలిదేశాల్లో ఇళ్ళు వెచ్చబెట్టే గ్యాస్ బాయిలర్లకు కూడా ఇదే జబ్బు, లండన్ పక్కన సుద్ద నేలల నీళ్ళు కాబట్టి అక్కడ బాగా ఎక్కువ, కెట్లింగ్ అంటారు దాన్ని. మన పాత ఇళ్ళల్లో నడుమ పొగగొట్టం ఉండి కింద కొబ్బరి చిప్పలు, కట్టెలు పెట్టే రాగి బాయిలర్లు ఉండేవి చూడండి, అవి కూడా ఇట్లనే మూలిగేవి, మా అవ్వ నెలకోసారి దాంట్లో చింతపండు పులుసు పోసి ఒక రాత్రి ఉంచి తెల్లారి కుమ్మరించేది. కెమిస్ట్రీ ఆమెకు తెలీదు గానీ చేసింది నూటికి నూరు పాళ్ళు సరైన పని, నేను ఇప్పుడు మీకు చెప్పబోయేది కూడా దాదాపు అదే.

కాకపోతే ప్రతి శబ్దమూ గార కాదు, విప్పేముందు ఒక్కసారి చెవి పెట్టి వినండి. స్విచ్ వేసిన ఐదు పది నిమిషాల తర్వాత మొదలై, ఆపేసినాక కొంచెంసేపటికి తగ్గిపోతే గారే. ట్యాప్ టక్కున కట్టినప్పుడు మాత్రమే టంగ్ మని కొడితే అది పైపుల్లో నీళ్ళు ఒక్కసారిగా ఆగిన దెబ్బ, ప్రెషర్ పంపు ఉన్న ఇళ్ళల్లో ఎక్కువ, పైపులకు క్లిప్పులు బిగించాలి. వేడెక్కడం అయిపోయినప్పుడు ఒక్కసారి టిక్ మంటే థర్మోస్టాట్, అది మామూలే. కానీ గుయ్ మని సన్నగా మోగుతా ప్లగ్ దగ్గరో కవర్ దగ్గరో కాలిన వాసన వస్తే అది లూజ్ కనెక్షన్, వెంటనే ఆపేయండి. 2 కిలోవాట్ల గీజర్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, దానికి 16 ఆంపియర్ల సాకెట్టే ఉండాలి, మామూలు చిన్న ప్లగ్గు పనికిరాదు.

ఇంకో పరీక్ష గడియారంతో. నీళ్ళు పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు స్విచ్ వేసి లైటు ఎప్పుడు ఆరిపోతుందో చూడండి. 25 లీటర్లను 25 డిగ్రీల నుంచి 60కి తేవాలంటే ఒక యూనిట్ కరెంటు కావాలి, 2 కిలోవాట్లకు అరగంట. మీది పది పన్నెండు నిమిషాలకే లైటు ఆరిపోయి ఒక బకెట్‌కే వేడినీళ్ళు అయిపోతున్నాయి అంటే, గార ఎలిమెంట్‌నూ పక్కనే ఉన్న థర్మోస్టాట్ గొట్టాన్నీ కలిపి ఒకే ముద్దగా పట్టేసింది, నీళ్ళు కాగకముందే థర్మోస్టాట్‌కు వేడి తగిలి ఆపేస్తా ఉంది. అరగంట దాటి ముప్పావు గంట పడుతుంటే ఎలిమెంట్ అన్నా బలహీనపడి ఉండాలి, లేకపోతే ఓల్టేజ్ అన్నా తక్కువుండాలి, 230 బదులు 200 వస్తే 2 కిలోవాట్ల ఎలిమెంట్ ఒకటిన్నర కిలోవాట్లే ఇస్తుంది, 40 నిమిషాలు పడుతుంది. పాపం చాలామంది దీనికి గీజర్ మార్చేస్తారు.

గార వల్ల కరెంటు బిల్లు డబుల్ అయిపోతుంది అని కూడా మీకెవరో చెప్పారంట కదా. ఎలిమెంట్ నీళ్ళలోనే మునిగి ఉంటుంది, అది తాగిన కరెంటంతా వేడిగా మారి ఆ నీళ్ళలోకే పోవాలి, ఇంకెక్కడికి పోతుంది. కాబట్టి బిల్లులో పెద్ద తేడా రాదు. గ్యాస్ గీజర్ అయితే ఆ మాట నిజం, గార అడ్డంపడి వేడంతా పొగతో పాటు బయటికి పోతుంది. కరెంటు గీజర్‌లో అసలు నష్టం ఏందంటే, వేడి బయటికి పోలేక ఎలిమెంట్ లోపల్లోపలే ఎర్రగా కాగి, పై తొడుగు పగులుతుంది. అప్పుడు లోపలి కరెంటు నీళ్ళలోకి వస్తుంది. ట్యాప్ పట్టుకుంటే చెయ్యి జుమ్మంటోంది అంటే అదే, ఒక్క రోజు కూడా ఆలస్యం చెయ్యొద్దు. ఇంట్లో 30 మిల్లీయాంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే కట్ చేసే స్విచ్) లేకపోతే గీజర్ క్లీనింగ్ కంటే ముందు అది పెట్టించుకోండి, ఎర్త్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. ఈ విషయంలో నేను ఎవరికీ మొహమాటపడి చెప్పను.

ఇప్పుడు క్లీనింగ్. మీవారికి స్పానర్ పట్టడం అలవాటు ఉంది అన్నారు కాబట్టి వివరంగా రాస్తా, అలవాటు లేకపోతే మంచి మెకానిక్‌ను పిలిచి పక్కన నిలబడి ఇట్లనే చేయించుకోండి. ముందు వారంటీ కార్డు చూడండి, ట్యాంకుకు ఒక లెక్క, ఎలిమెంట్‌కు ఒక లెక్క ఇస్తారు, ఇంకా మిగిలి ఉంటే కంపెనీ మనిషితోనే విప్పించండి.

స్విచ్ ఆపితే చాలదు, మెయిన్ బోర్డులో ఎంసీబీ దించేయండి, టెస్టర్ పెట్టి చూడండి. రాత్రి ఆపేసి పొద్దున పని పెట్టుకుంటే నీళ్ళు చల్లగా ఉంటాయి. గీజర్‌కు చల్లనీళ్ళొచ్చే లైను వాల్వ్ కట్టేసి, బాత్రూంలో వేడినీళ్ళ ట్యాప్ తెరిచి పెట్టండి, కింద బకెట్ పెట్టి చల్లనీళ్ళ కనెక్షన్ పైపు, దాంతోపాటు ఆ సేఫ్టీ వాల్వ్ కూడా మెల్లగా విప్పితే ట్యాంకు ఖాళీ అవుతుంది. 25 లీటర్ల గీజర్ నుంచి ఎన్ని లీటర్లు వచ్చాయో లెక్కపెట్టండి. ఒకసారి తిరుచానూరు రోడ్డులో ఒక ఇంట్లో 25 లీటర్ల దాంట్లోంచి 19 లీటర్లే వచ్చాయి, మిగతా చోటంతా గారే.

కింది కవర్ స్క్రూలు తీస్తే థర్మోస్టాట్, ఎలిమెంట్ వైర్లు కనపడతాయి. ఏ వైరు ఎక్కడ ఉందో ఫోన్‌లో రెండు ఫోటోలు తీసుకోండి, ఒకటి దూరంగా, ఒకటి దగ్గరగా. వైర్లు పీకి, థర్మోస్టాట్‌ను కిందికి లాగితే గొట్టంలోంచి వచ్చేస్తుంది. తర్వాత ఫ్లాంజ్ ప్లేటు (ఎలిమెంట్ బిగించి ఉండే ప్లేటు) నట్లు, ఒకటి తర్వాత ఒకటి వరసగా కాకుండా ఎదురెదురుగా వదులు చెయ్యండి. ప్లేటు దిగేటప్పుడు రెండు చేతులతో పట్టుకోండి, ఎందుకంటే దాని మీద కూర్చున్న గార మొత్తం ఒక్కసారి జారుతుంది.

మొదటిసారి చూసేవాళ్ళు ఆ గార చూసి నోరు తెరుస్తారు. పైన కోడిగుడ్డు పెంకుల్లాగా పల్చటి ముక్కలు, కింద ఇసక లాంటి పొడి, ఇంకా కింద తడి సున్నం ముద్ద, గోధుమ రంగులో. ఎలిమెంట్ మీద అయితే వేలు మందాన తెల్లగా కట్టి, చూడ్డానికి సున్నం పూసిన చెరుకుగడ లాగా ఉంటుంది, లోపల రాగి ఉందని కూడా తెలీదు. వేలితో నొక్కితే పైపొర పొరలు పొరలుగా ఊడొస్తుంది, లోపలిది మాత్రం గట్టిగా పట్టుకుని ఉంటుంది. సుత్తి పెట్టి కొట్టొద్దు, స్క్రూడ్రైవర్‌తో గీకొద్దు. తొడుగు మీద గీత పడితే అక్కడ్నుంచే చిల్లు పడుతుంది.

లోపలిది కరగడానికి నిమ్మ ఉప్పు చాలు, కిరాణా షాపులో దొరుకుతుంది, సిట్రిక్ యాసిడ్ అదే. లీటరు గోరువెచ్చని నీళ్ళకు 50 గ్రాములు కలిపి పొడవాటి ప్లాస్టిక్ బకెట్‌లో పోసి ఎలిమెంట్‌ను నిలువుగా దించండి, వైర్లు తగిలించే టెర్మినల్స్ మాత్రం నీళ్ళకు తగలకూడదు, ప్లేటు బకెట్ అంచు మీద ఆనించుకుంటే సరిపోతుంది. బుసబుసమని నురగ వస్తుంది, అది ఇందాక చెప్పిన కార్బన్ డయాక్సైడే. నురగ ఆగిపోయి ఇంకా గార మిగిలి ఉంటే ఆ నీళ్ళు పారబోసి కొత్తగా కలపండి, రెండు మూడు సార్లు పట్టొచ్చు, తొందర వద్దు. బాగా వేడినీళ్ళలో కలపొద్దు, మరిగిస్తే కాల్షియం సిట్రేట్ అని ఇంకో తెల్లటి పదార్థం తయారయ్యి మళ్ళీ అదే అతుక్కుంటుంది. తెల్ల వెనిగర్ కూడా పనిచేస్తుంది, కాకపోతే ఎక్కువసేపు పడుతుంది.

బాత్రూం కడిగే యాసిడ్ మాత్రం వద్దే వద్దు. అది హైడ్రోక్లోరిక్ యాసిడ్, గారను ఐదు నిమిషాల్లో కరిగిస్తుంది నిజమే, చూడ్డానికి గొప్పగా ఉంటుంది, కానీ అక్కడితో ఆగదు, ఎలిమెంట్ తొడుగును, వెల్డింగ్ అతుకులను, స్టీలు ట్యాంకైతే స్టీలును కూడా తింటుంది. ఈ పని నేర్చుకునే రోజుల్లో నేను కూడా అట్ల చేశా, అప్పట్లో అందరూ అట్లనే చేసేవాళ్ళు. జీవకోనలో ఒక టీచరమ్మ ఇల్లు, తళతళలాడే ఎలిమెంట్ చూసి ఆమె సంతోషపడి చేతిలో ఇంకో యాభై ఎక్కువ పెట్టింది. మూడు నెలలకు ఆ ఎలిమెంట్ చిల్లు పడి ఆమెకు షాక్ కొట్టింది, అదృష్టం బాగుండి చెప్పులు వేసుకుని ఉంది. ఆ రోజు నుంచి నా సంచిలో ఆ సీసా పెట్టలేదు. ఇంకొకటి, ఆ యాసిడ్‌కు బ్లీచింగ్ పౌడర్ నీళ్ళు తగిలితే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, తలుపు మూసిన బాత్రూంలో అది ప్రాణాల మీదికి తెస్తుంది.

ఎలిమెంట్ నానుతున్న టైములో ట్యాంకు లోపల చూడండి. చెయ్యి పట్టినంత వరకు గార బయటికి తీసి, చల్లనీళ్ళ పైపు కొంచెం కొంచెం వదుల్తా కడగండి. లోపల గాజు పూత ఉండే ట్యాంకులకు ఇనుప పనిముట్టు పెట్టకూడదు. గోడలకు పట్టిన పల్చటి పొరను వదిలేయండి, దాని వల్ల నష్టం ఏమీ లేదు.

ఆనోడ్ రాడ్ చూడ్డం మర్చిపోవద్దు, ఎక్కువ మంది మెకానిక్‌లు దీని జోలికే పోరు. ఫ్లాంజ్ ప్లేటు మీదే ఎలిమెంట్ పక్కన వేలు లావున బూడిదరంగు కడ్డీ ఉంటుంది, అది మెగ్నీషియం, ట్యాంకు తుప్పు పట్టకుండా తాను కరిగిపోవడమే దాని పని. మన ఉప్పునీళ్ళకు ఇది తొందరగా అయిపోతుంది. కడ్డీ పోయి మధ్యలో సన్న కమ్మీ మాత్రం మిగిలి ఉంటే కొత్తది వెయ్యండి, వెయ్యకపోతే తర్వాత తుప్పు పట్టేది ట్యాంకే. ఆ మెకానిక్ చెప్పినట్టు ట్యాంకు నిజంగా పోయిందా అంటే దాని గుర్తులు వేరే, వేడినీళ్ళు ఎర్రగా తుప్పు రంగులో రావడం, వాల్వ్ దగ్గర కాకుండా బాడీ కిందనుంచి నీళ్ళు కారడం. అవి ఉంటే మాత్రం డబ్బులు పెట్టి క్లీన్ చేయించొద్దు, కొత్తది కొనండి. మీరు రాసిన దాంట్లో ఆ రెండూ లేవు.

మళ్ళీ బిగించే ముందు మల్టీమీటర్ ఉంటే ఎలిమెంట్ రెండు టెర్మినల్స్ మధ్య చూడండి, 2 కిలోవాట్లదైతే 26 ఓంల దగ్గర చూపించాలి. ఒక టెర్మినల్‌కూ ప్లేటుకూ మధ్య అసలేమీ చూపించకూడదు, ఏదన్నా చూపిస్తే ఎలిమెంట్ పగిలింది, కడిగినా పనికిరాదు, మార్చాల్సిందే. ప్లేటుకూ ట్యాంకుకూ మధ్య ఉండే గ్యాస్కెట్ (నీళ్ళు కారకుండా ఆపే వాషర్) కొత్తది వెయ్యండి, పాతది మళ్ళీ వేస్తే వారానికి కారడం మొదలవుతుంది. నట్లు మళ్ళీ ఎదురెదురుగా బిగించాలి.

ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది. బిగించేసిన సంతోషంలో నీళ్ళు నిండకముందే స్విచ్ వేసేస్తారు, నీళ్ళు లేకుండా ఎలిమెంట్ నిమిషాల్లో కాలిపోతుంది. చల్లనీళ్ళు వదిలి, వేడినీళ్ళ ట్యాప్ తెరిచి పెట్టి, గాలి బుస్ బుస్ మని పోయి నీళ్ళు ధారగా ఆగకుండా వచ్చినాక, ఫ్లాంజ్ చుట్టూ పొడి గుడ్డతో తుడిచి తడి లేదని చూసుకున్నాక, అప్పుడు ఎంసీబీ పైకి లేపండి. మొదటి రెండు బకెట్ల వేడినీళ్ళు స్నానానికి వద్దు, పారబోయండి.

మళ్ళీ తొందరగా గార కట్టకుండా ఉండాలంటే అన్నిటికంటే సులువైనది, పైసా ఖర్చు లేనిది, థర్మోస్టాట్ తగ్గించడం. చాలా ఇళ్ళల్లో 75 మీద పెట్టి ఉంటుంది, ఆ నీళ్ళు ఒంటి మీద పోసుకోలేక మళ్ళీ సగం చల్లనీళ్ళు కలుపుకుంటారు. 60 దగ్గర పెట్టండి. గార బాగా తగ్గుతుంది, ఎలిమెంట్ ఎక్కువ కాలం వస్తుంది. మరీ 45కి దించొద్దు, గోరువెచ్చగా నిలవ ఉన్న నీళ్ళలో బ్యాక్టీరియా పెరుగుతుంది. రోజంతా ఆన్‌లో వదిలెయ్యకుండా స్నానానికి అరగంట ముందు వేసుకోండి. మూడు నెలలకోసారి గీజర్ ఆపి, చల్లారినాక కిందనుంచి ఒక బకెట్ నీళ్ళు వదిలేస్తే రాలిన గార దాంతోపాటే పోతుంది. మన బోరు నీళ్ళకు ఏడాదిన్నర, రెండేళ్ళకోసారి విప్పి కడిగించుకోవాలి, ఆ పని చలికాలం రాకముందే అక్టోబర్‌లో పెట్టుకుంటే మెకానిక్‌లు కూడా తీరిగ్గా చేస్తారు.

రెండోది, మీ అపార్ట్‌మెంట్‌లో కార్పొరేషన్ నీళ్ళకు వేరే ట్యాంకు ఉందా కనుక్కోండి. తెలుగుగంగ నీళ్ళయినా, కల్యాణి డ్యామ్ నీళ్ళయినా బోరుతో పోలిస్తే గార చాలా తక్కువ కడతాయి. సొంత ఇళ్ళున్న నలుగురైదుగురికి నేను బోరు లైను తీసేసి గీజర్ ఒక్కదానికి మాత్రం మంచినీళ్ళ ట్యాంకు నుంచి లైను ఇప్పించా, టాయిలెట్‌కు, బట్టలకు బోరే. వాళ్ళ గీజర్లు మూడేళ్ళ తర్వాత విప్పినా ఎలిమెంట్ రాగి రంగు కనపడతా ఉంది. ఇంటికి కొత్తగా ప్లంబింగ్ చేయించుకునే వాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే ఇప్పుడే ఆ ఒక్క పైపు వేయించుకోండి, టైల్స్ వేసినాక గోడ పగలగొట్టాలంటే ప్రాణం ఉసూరుమంటుంది.

సాఫ్ట్‌నర్ గురించి అడిగారు. రెసిన్ అనే సన్న గుళ్ళు నింపి, ఉప్పుతో రీఛార్జ్ చేసే రకమైతే నిజంగా పనిచేస్తుంది, కాల్షియం మెగ్నీషియం తీసుకుని సోడియం వదుల్తుంది, కాబట్టి ఆ నీళ్ళు తాగడానికి, వంటకు, మొక్కలకు వాడొద్దు, బీపీ ఉన్నవాళ్ళ ఇంట్లో అస్సలు వద్దు. ఉప్పు వెయ్యడం మర్చిపోతే అది ఖాళీ డబ్బాతో సమానం. పైపు చుట్టూ అయస్కాంతం కట్టి గార రాదు అని అమ్మే వాటి మీద నాకు నమ్మకం లేదు, అవి కట్టిన ఇళ్ళల్లో కూడా నేను అదే గార తీశా. కొనేముందు నీళ్ళు టెస్ట్ చేయించండి, టీడీఎస్ మీటర్ ముంచి చూపించి భయపెట్టే వాళ్ళను నమ్మొద్దు, టీడీఎస్ అంటే కరిగిన లవణాలన్నీ, అందులో గార కట్టేది ఎంతో అది చెప్పదు. హార్డ్‌నెస్ కిట్ వేరే ఉంటుంది, చుక్కలు వేస్తా పోతే ఎరుపు రంగు నీలంగా మారుతుంది, ఎన్ని చుక్కలు పట్టాయో దాన్ని బట్టి లెక్క. తాగేనీళ్ళకు మన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) పెట్టిన హద్దు లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే నీళ్ళు దొరక్కపోతే 600 దాకా ఒప్పుకుంటారు. 200 లోపు ఉంటే మీకు సాఫ్ట్‌నర్ అక్కర్లేదు, 400 దాటితే ఆలోచించండి, అది కూడా ఒక్క గీజర్ కోసమైతే రెండేళ్ళకోసారి కడిగించుకోవడమే చవక.

ఇంకొక్కటి, ఫ్లాంజ్ విప్పినాక పాత గ్యాస్కెట్ పారేయొద్దు. గుండ్రంగా ఉన్నవన్నీ ఒకేలా కనపడతాయి గానీ రంధ్రాల లెక్క, సైజు వేరువేరుగా ఉంటాయి, అదీ పాత ఆనోడ్ కూడా చేతిలో పట్టుకుని షాపుకు పోండి, వీలైతే ముందురోజే మోడల్ నంబర్ చెప్పి తెప్పించి పెట్టుకోండి, లేకపోతే గీజర్ విప్పేసి పార్టు కోసం రెండు రోజులు కూర్చోవాల్సి వస్తుంది, అత్తగారికి మళ్ళీ పొయ్యి మీద నీళ్ళే. వాల్వ్ లివర్ ఎత్తితే ఏమైందో ముందు రాయండి, లైటు ఎన్ని నిమిషాలకు ఆరిపోయిందో కూడా రాయండి. విప్పినప్పుడు ఎలిమెంట్, ఆనోడ్ రెండూ పక్కపక్కన పెట్టి వెలుతుర్లో ఫోటో తీసి పెడితే మార్చాలా వద్దా నేను చూసి చెప్తా.